బిర్యానీ ఫ్రాంచైజీకి ముందస్తు ఫీజు కట్టబోయేవారికి హెచ్చరిక

"మీ ఊరిని మీ పేరు మీద బ్లాక్ చేస్తాం, ఈ వారంలోగా టోకెన్ కట్టండి" అని ఏ ఫ్రాంచైజీ సంస్థ అయినా తొందరపెడితే, అగ్రిమెంటు పూర్తి ప్రతి చదివేవరకూ ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దని మనవి. ఖమ్మంలో ఒక బిర్యానీ సంస్థ శాఖ పెట్టాలని మా కుటుంబం అనుకున్నప్పుడు మొదట 50,000 రూపాయల టోకెన్ తీసుకున్నారు. ఆ రసీదులో వాపసు ప్రస్తావనే లేదు. 5 లక్షల ఫీజు, దానిపై 18 శాతం జీఎస్టీ, మొత్తం 5,90,000 రూపాయలు పూర్తిగా ముట్టిన తరువాతే అగ్రిమెంటు చేతికి వచ్చింది. ఫీజు ఏ పరిస్థితిలోనూ తిరిగి ఇవ్వరనీ, షాపు స్థలాన్ని ఆమోదించే అధికారం పూర్తిగా సంస్థదేననీ, నిర్ణీత గడువులో షాపు తెరవకపోతే ఒప్పందం రద్దవుతుందనీ అందులో ఉంది.

ఈ మూడు షరతులను విడివిడిగా చూస్తే మామూలుగానే కనిపిస్తాయి, కలిపి చదివితేనే అసలు సంగతి బయటపడుతుంది. మేము చూపిన స్థలాలన్నింటినీ, ఎందుకు పనికిరావో కాగితం మీద పెట్టకుండా, ఫోనులోనే కాదంటూ వచ్చారు. ఆమోదం లేనిదే షాపు తెరవడానికి వీల్లేదు, తెరవకపోతే గడువు దాటిన తప్పు మాదే అవుతుంది, ఫీజు వారి దగ్గరే ఉండిపోతుంది. శాఖలు నడిచి, వాటి అమ్మకాల్లో వాటాగా రాయల్టీ వస్తేనే బతికే సంస్థ మంచి స్థలం కోసం మీకంటే ఎక్కువ ఆరాటపడుతుంది. కొత్త ఫీజులతోనే గడిచే సంస్థకు మీ షాపు తెరుచుకున్నా ఒకటే, తెరుచుకోకపోయినా ఒకటే. అందువల్ల ఎన్ని ఫ్రాంచైజీలు అమ్మారని కాక, వాటిలో రెండేళ్లు దాటి నడుస్తున్నవి ఎన్ని అని అడిగి, వారు చూపించినవి కాక మీరు ఎంచుకున్న శాఖలకు వెళ్లి యజమానులతో మాట్లాడండి.

జీఎస్టీ గురించి "తరువాత క్రెడిట్ వస్తుంది లెండి" అని మాకు తేలికగా చెప్పారు. 5 శాతం జీఎస్టీతో బిల్లు వేసే రెస్టారెంటుకు ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్, అంటే కొనుగోళ్లపై కట్టిన జీఎస్టీని తాను కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే వీలు, ఉండదు కనుక ఆ 90,000 రూపాయలు పూర్తిగా మన ఖర్చే. బోర్డు మీద పేరు పక్కన, రిజిస్టరైన ట్రేడ్‌మార్క్ అని తెలిపే ఆర్ గుర్తు (®) వేసుకున్నంత మాత్రాన నమ్మనవసరం లేదు. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైటులో, రెస్టారెంటు సేవలకు సంబంధించిన 43వ తరగతిలో, ఆ పేరు ఎవరి పేరిట, ఏ స్థితిలో ఉందో ఉచితంగా చూడవచ్చు. పేరు మీద హక్కే తేలని సంస్థ ఆ పేరు వాడుకోవడానికి మన దగ్గర లక్షలు తీసుకోవడం ఎంత విడ్డూరం!

అమెరికాలో ఫ్రాంచైజీ అమ్మేవారు సంతకానికి గానీ చెల్లింపుకు గానీ కనీసం 14 రోజుల ముందు వివరాల పత్రం ఇవ్వాలన్న నిబంధన ఉంది. మన దేశంలో ఫ్రాంచైజీలకు ప్రత్యేక చట్టం లేదు, 1872 నాటి కాంట్రాక్టు చట్టమే ప్రధాన ఆధారం. కాబట్టి ఫీజును సంతకం, స్థల ఆమోదం, షాపు ప్రారంభం అనే దశలకు ముడిపెట్టి చెల్లించేలా, ఆమోదం రాకపోతే ఎన్ని రోజుల్లో ఎంత వాపసు వస్తుందో అంకెలతో సహా ఒప్పందంలోనే రాయించుకోవాలి. దీనికి ఒప్పుకోని సంస్థతో బేరం అక్కడితో వదిలేయడమే మేలు.

పెద్ద బ్రాండ్ల పేరుతో నకిలీ వెబ్‌సైట్లు పెట్టి డబ్బు గుంజేవారు వేరే ఉన్నారు. ఉదాహరణకు డామినోస్‌ను మన దేశంలో జూబిలెంట్ ఫుడ్‌వర్క్స్ నడుపుతుంది, వ్యక్తులకు ఫ్రాంచైజీ ఇస్తామంటే అది మోసమే. అలా డబ్బు పంపినవారు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఇప్పటికే సంతకం చేసి వివాదంలో ఉన్నవారు ఆర్బిట్రేషన్ షరతును, అంటే వివాదాన్ని కోర్టులో కాక మధ్యవర్తి (ఆర్బిట్రేటర్) దగ్గర తేల్చుకోవాలన్న షరతును, మళ్లీ చదవండి. ఏకైక ఆర్బిట్రేటర్‌ను సంస్థే నియమిస్తుందని అందులో ఉంటే, అటువంటి ఏకపక్ష నియామకం చెల్లదని సుప్రీంకోర్టు 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో చెప్పింది. అయితే వివాదం తలెత్తిన తరువాత సంస్థ నియమించిన ఆర్బిట్రేటర్‌కు మనమే రాతపూర్వకంగా సమ్మతి ఇస్తే ఆ అభ్యంతరం వదులుకున్నట్లే కనుక, సంస్థ పంపే లేఖ దేనికైనా జవాబు రాసే ముందు న్యాయవాదికి చూపించండి.