శ్రీహరికోట రాకెట్ యాత్ర: గది ఎక్కడ తీసుకోవాలి, ఎక్కడ నిలబడి చూడాలి

టికెట్లు తీసుకునే ముందు రాకెట్ పేరు, ప్రయోగ సమయం చూసుకోండి. బస ఎక్కడన్నది సమయాన్ని బట్టి, ఏం కనిపిస్తుందన్నది రాకెట్‌ని బట్టి తేలుతుంది.

తెల్లవారుజాము ప్రయోగమైతే శ్రీహరికోటకి దగ్గరి ఊరైన సూళ్లూరుపేటలోనే పడుకోవాలి. 2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి నూరో ప్రయోగం, జీఎస్ఎల్వీ ఎఫ్15, పొద్దున 6.23కి లేచింది. అలాంటి వేళకి 80 కిలోమీటర్ల పైన ఉన్న చెన్నై నుంచి బయల్దేరితే రాత్రి నిద్ర ఉండదు. సూళ్లూరుపేట లాడ్జీలు మామూలువే, ప్రయోగం ముందు రోజు నిండిపోతాయి. గది దొరక్కపోతే నాయుడుపేట చూడండి. మధ్యాహ్నం ప్రయోగాలకి మాత్రం చెన్నై హాయి: లోకల్ రైళ్లు సూళ్లూరుపేట దాకా వస్తాయి. విజయవాడ వైపు నుంచి వచ్చేవాళ్ల ఎక్స్‌ప్రెస్‌ అక్కడ ఆగకపోతే, 55 కిలోమీటర్ల ముందే గూడూరులో దిగి బండి మారాలి.

గది ఎక్కడైనా, డబ్బు వాపసిచ్చే బుకింగే చేసుకోండి. చంద్రయాన్-2 ప్రయోగాన్ని 2019 జులై 15 అర్ధరాత్రి దాటాక, 56 నిమిషాలు మిగిలుండగా ఆపేశారు. జులై 22 మధ్యాహ్నం 2.43కి గానీ అది ఎగరలేదు. రాత్రంతా కూర్చున్నవాళ్లు ఉత్త చేతులతో తిరిగొచ్చారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల మబ్బులుంటాయి. ప్రయోగం ఆగకపోయినా రాకెట్ కొద్ది సెకన్లకే మబ్బులో దూరిపోవచ్చు.

చూసే చోట్లలో షార్ (శ్రీహరికోట ప్రయోగ కేంద్రం) లోపలి లాంచ్ వ్యూ గ్యాలరీకి పోటీ లేదు. 2019లో తెరిచారు. మెట్ల మెట్లుగా సీట్లు, పక్కనే రాకెట్ గార్డెన్, మ్యూజియం. ప్రతి ప్రయోగానికీ కొన్ని రోజుల ముందు ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ తెరుస్తారు, సీట్లు చూస్తుండగానే అయిపోతాయి. పాస్, గుర్తింపు కార్డు రెండూ ఉండాల్సిందే. పాస్ లేకుండా గేటు దాకా వెళ్లి బతిమాలడం దండగ.

పాస్ దొరకనివాళ్లు సూళ్లూరుపేట మేడల మీద నుంచో, పులికాట్ సరస్సు ఒడ్డు నుంచో చూస్తారు. చూపు తూర్పుకే కాబట్టి, పొద్దెక్కాక జరిగే ఉదయం ప్రయోగాల్లో సూర్యుడు ఎదురు కొడతాడు. శబ్దానికి కిలోమీటరుకి దాదాపు 3 సెకన్లు పడుతుంది. 15 కిలోమీటర్ల దూరంలో ఉంటే మంట కనిపించిన 45 సెకన్లకి గానీ ఉరుము వినపడదు. ఈలోగా "చప్పుడేదీ?" అని పక్కకి తిరిగారా, అసలు ఘట్టం పోయినట్టే.

ఒక్కో రాకెట్‌ది ఒక్కో తీరు. జీఎస్ఎల్వీకి చుట్టూ ఉన్న నాలుగు ద్రవ ఇంధన స్ట్రాపాన్లు (పక్కన కట్టిన చిన్న రాకెట్లు) సున్నాకి 4.8 సెకన్ల ముందే అంటుకుంటాయి. కౌంట్‌డౌన్ నడుస్తుండగానే పొగ లేస్తుంది. పీఎస్ఎల్వీ ఎక్స్ఎల్‌లో ఆరు స్ట్రాపాన్లలో నాలుగు నేల మీద, మిగతా రెండు దాదాపు 25 సెకన్లకి గాల్లో వెలుగుతాయి. భూమిని ఉత్తర దక్షిణాలుగా చుట్టే ధ్రువ కక్ష్యకి వెళ్లే పీఎస్ఎల్వీ శ్రీలంక మీదుగా పోకూడదు కాబట్టి ముందు ఆగ్నేయంగా వెళ్లి, ఆ తర్వాత దక్షిణానికి మళ్లుతుంది. ఎల్వీఎం3కి ఒక్కోటి 200 టన్నుల ఘన ఇంధనమున్న రెండు పెద్ద బూస్టర్లు. మొదటిసారి చూసేవాళ్లకి నా ఓటు దీనికే. 2023 జులై 14న చంద్రయాన్-3ని మోసింది ఇదే.

మ్యూజియానికి హడావుడిగా వెళ్లకండి. ఇక్కడి నుంచి మొదటి రాకెట్, రోహిణి-125, 1971 అక్టోబరు 9న ఎగిరింది. 1979 ఆగస్టు 10న తొలి ఎస్ఎల్వీ-3 రెండో దశ నియంత్రణ వ్యవస్థలో వాల్వ్ లీకై 317 సెకన్లకి సముద్రంలో పడింది. 1980 జులై 18న రెండోది 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. 22 మీటర్లున్న ఆ బుల్లి రాకెట్‌ని తలుచుకుని ఎల్వీఎం3 నమూనా ముందు నిలబడితే, నలభై ఏళ్ల తేడా ఏమిటో చెప్పక్కర్లేదు.

ప్రయోగం వాయిదా పడితే రోజు వృథా చేసుకోవద్దు: అక్టోబరు, మార్చి నెలల మధ్యైతే ఉత్తరాన నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులుంటాయి. పులికాట్ రోడ్డు మీద ఫ్లెమింగోలూ ఆ నెలల్లోనే. ఎండాకాలంలో అక్కడ మిగిలేది ఎండిన బురదే. ప్రయోగం అయ్యాక మాత్రం తొందరపడకండి. సూళ్లూరుపేటకి వెళ్లేది ఆ ఒక్క రోడ్డే, అందరూ ఒకేసారి బయల్దేరతారు. రైలుకి కనీసం మూడు గంటలు మిగుల్చుకోండి, మంచినీళ్లు దగ్గర పెట్టుకోండి.