సీఎస్‌టీ చూడండి, "స్టేషన్ వ్యూ" రూమ్ జోలికి మాత్రం పోకండి

ముంబై వెళ్లేవాళ్లకి ముందే చెప్తున్నా, సీఎస్‌టీ (ఛత్రపతి శివాజీ టెర్మినస్ రైల్వే స్టేషన్, ఇప్పుడు పేరు సీఎస్‌ఎంటీ) దగ్గర "స్టేషన్ వ్యూ" అన్న లాడ్జికి చూడకుండా అడ్వాన్స్ కట్టకండి. ఫోర్ట్ ఏరియా వైపు ఒక సందులో తీసుకున్నాం, మామూలు రూమ్ 2,200, వ్యూ కావాలంటే 2,900 అన్నారు. మా ఆయనకి రైల్వే స్టేషన్లంటే పిచ్చి, 700 ఎక్కువైతే ఏముందిలే అని కట్టేశారు.

హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో హాయిగా పడుకుని దిగాం. రూమ్‌లో కర్టెన్ తీస్తే ఎదురుగా పక్క బిల్డింగ్ డ్రైనేజీ పైపు, దానికి కట్టిన తాడు మీద ఎవరివో బనీన్లు! కౌంటర్ అబ్బాయిని పిలిస్తే తాపీగా వచ్చి, తల బయటపెట్టి ఎడమవైపుకి తిరగండి మేడమ్, గుమ్మటం కనిపిస్తుంది అన్నాడు. కనిపించింది, బొటనవేలంత. అత్తయ్య అయితే "700 ఇచ్చి మెడనొప్పి కొనుక్కున్నావురా" అని మా ఆయన్ని సాయంత్రం దాకా వదల్లేదు. వేడినీళ్లు కూడా పొద్దున 6 నుంచి 8 వరకే, అదీ మనిషికో బకెట్. అరగంట గొడవపడితే 300 తిరిగిచ్చారు.

అసలు ఆ స్టేషన్ బిల్డింగ్ చూడ్డానికి పైసా అక్కర్లేదండీ. రోడ్డుకి ఇవతల మున్సిపల్ కార్పొరేషన్ ఆఫీసు ఉంటుంది, దాని ముందు నిలబడితే మొత్తం కనిపిస్తుంది, ఆ ఆఫీసు డిజైన్ చేసింది కూడా స్టేషన్ కట్టిన ఎఫ్.డబ్ల్యూ. స్టీవెన్సే. స్టేషన్ 1878లో మొదలుపెడితే 1888కి అయింది, 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ లిస్టులోకి ఎక్కింది. గేటు స్తంభాల మీద ఒకవైపు సింహం, అది బ్రిటన్‌కి, ఇంకోవైపు పులి, అది మనకి. మా ఆయన పులి దగ్గరే నాతో ఫొటోలు తీయించుకున్నారు.

నాకు బాగా నచ్చింది లోకల్ టికెట్లిచ్చే హాలు. పైన కప్పు నిండా నక్షత్రాలు, స్తంభాల తలల మీద రాతిలో చెక్కిన ఆకులు, కిందేమో చిల్లర కోసం తోసుకునే జనం. పక్క స్టేషన్ మసీద్‌కి 5 రూపాయల టికెట్ కోసం లైన్లో నిలబడి తలెత్తి చూస్తుంటే వెనకాయన "ఆగే బఢో" అని కసిరాడు, పాపం ఆయనకి రోజూ ఉండేదేగా.

పెద్దవాళ్లుంటే సబ్‌వే మెట్లతో జాగ్రత్త, అత్తయ్యకి మోకాళ్లు పట్టేశాయి. లైటింగ్ కోసం చీకటి పడ్డాకే వెళ్లండి. ఇక రూమ్ ఎక్కడైనా సరే, కిటికీ తెరిచి వాట్సాప్‌లో వీడియో పంపమనండి, పంపకపోతే ఇంకో లాడ్జి చూసుకోండి.