పగుళ్ల పరీక్షకు ఎక్స్‌రేడియా 520 వెర్సా

గ్రానైట్, సిరామిక్, సిమెంటు లాంటి పెళుసు పదార్థాల లోపలి పగుళ్లు చూడడానికి జైస్ వాళ్ల ఎక్స్‌రే మైక్రోస్కోపు ఎక్స్‌రేడియా 520 వెర్సా చాలా మంచి యంత్రం. మామూలు మైక్రో సీటీలో (నమూనాను తిప్పుతూ ఎక్స్‌రేలతో లోపలి 3డీ చిత్రం తీసే స్కాన్) నమూనా ఎక్స్‌రే ట్యూబుకు ఎంత దగ్గరుంటే అంత వివరం వస్తుంది. కానీ రాయిని లోడింగ్ పరికరంలో బిగించి, నొక్కుతూ పగులు ఎలా పాకుతుందో చూడాలంటే అంత దగ్గరగా పెట్టడం కుదరదు. వెర్సాలో ఎక్స్‌రేలను వెలుగుగా మార్చే సింటిలేటర్ వెనక 4ఎక్స్, 20ఎక్స్ లెన్సులు ఉండడంతో దూరం నుంచి కూడా వివరం పోదు. భారం తీసేయగానే పగుళ్లు మూసుకుపోయే రాళ్లకు ఇదే పెద్ద వరం.

బ్రోచర్ అంకెలు మాత్రం జాగ్రత్తగా చదవాలి. 70 నానోమీటర్లు అన్నది అతి చిన్న వోక్సెల్ (3డీ చిత్రంలోని ఒక్కో చిన్న ఘనం) సైజు. నిజంగా విడదీసి చూపగలిగేది 0.7 మైక్రాన్లు, అదీ చిన్న నమూనాలోనే. 10 మి.మీ. కోర్ (రాయి నుంచి తీసిన గుండ్రటి కడ్డీ) మొత్తం ఒకే స్కాన్‌లో పట్టాలంటే, 2,000 పిక్సెళ్ల వెడల్పులో ఒక్కో వోక్సెల్ 5 మైక్రాన్లు. అంతకన్నా సన్నని పగులు మసక గీతలా కనిపించవచ్చు గానీ, దాని వెడల్పు నేరుగా కొలవలేం.

ట్యూబు 160 కిలోవోల్టులది, పవర్ మాత్రం 10 వాట్లే, కాబట్టి మంచి స్కాన్‌కు గంటలు పడుతుంది. చీమకుర్తి గెలాక్సీ లాంటి ఇనుము ఎక్కువున్న నల్లరాయిలో బలహీన కిరణాలు అంచుల్లోనే ఆగిపోతాయి. దాంతో చిత్రంలో అంచు తెల్లగా, మధ్యభాగం నల్లగా వస్తుంది, ఆ నలుపును సాఫ్ట్‌వేర్ పగుళ్ల కింద లెక్కేస్తుంది. బలహీన కిరణాలను ముందే ఆపే ఫిల్టర్ పెట్టి, అప్పటికీ చాలకపోతే కోర్ సన్నం చేయాలి. కిరణాల్లో 20–30 శాతం నమూనా దాటి వస్తే సరిపోతుంది.

ఎక్కువ స్కాన్లు చెడేది నమూనా తయారీలోనే. సిమెంటు ముక్కను 105 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెడితే కొత్త పగుళ్లు పుడతాయి. వజ్రపు రంపం తగిలిన అంచుల్లోనూ అంతే, అందుకే లెక్కల్లో బయటి పొర వదిలేయండి. మైనం మీద నిలబెట్టిన ముక్క స్కాన్ మధ్యలో మెల్లగా జరుగుతుంది, ప్రతి అంచూ రెండుగా కనిపిస్తుంది. ఎపాక్సీతో అంటించి, పూర్తిగా గట్టిపడ్డాకే మొదలుపెట్టండి. భారం పెంచిన వెంటనే స్కాన్ చేసినా ఇదే గతి. రాయి సర్దుకునేదాకా ఆగాలి.

పొటాషియం అయొడైడ్ ద్రావణాన్ని వాక్యూమ్‌లో ఎక్కిస్తే సన్న పగుళ్లు తెల్లగా తేలతాయి. ఉపరితలానికి దారి లేని పగుళ్లలోకి అది చేరదు, కాబట్టి ముందు పొడి స్కాన్ తీసుకోండి. ఒక్కో స్కాన్ 16 జీబీ దాకా ఉంటుంది, దానికి తగ్గ కంప్యూటర్ కూడా బడ్జెట్‌లో వేసుకోవాలి.

పలుచని వెడల్పాటి టైల్స్‌కైతే ఈ యంత్రం వద్దు. తిప్పినప్పుడు అంచు వైపు నుంచి కిరణం పలక పొడవంతా దాటాల్సి వస్తుంది, ఆ కోణాల్లో ఏమీ మిగలదు. పైకి తెరుచుకున్న పగుళ్లే చూడాలంటే డై పెనిట్రెంట్ (పగుళ్లలోకి ఇంకే రంగు ద్రవం) చాలు.