పానాయ్ కత్తులు కొనేవాళ్లు జాగ్రత్త: నాకు అంటగట్టింది అచ్చుపోసిన బకునావా

ఫిలిప్పీన్స్‌లోని పానాయ్ దీవిలో, ఇలొయిలోలో పాత కత్తులు అమ్మే ఆ మనిషి ఎవరో ఇక్కడ కొనేవాళ్లలో చాలామందికి తెలుసు. పేరు రాయను. 18,000 పెసోలు పోయాయి. పార్సిల్ నిన్న సాయంత్రం వచ్చింది, రాత్రంతా నిద్ర లేదు.

అతను ఫోటో పెట్టింది తెనెగ్రె అని, పానాయ్ వాళ్ల సంప్రదాయ కత్తి అది. పిడి చివర తెరిచిన నోరు, కోరలు, పైకి చుట్టుకున్న ముక్కు. చూడగానే బకునావా గుర్తొచ్చింది. పానాయ్, దాని చుట్టుపక్కల దీవుల విసయా జనాల కథల్లో చంద్రుణ్ణి మింగే సముద్రపు మహాసర్పం అది. ఆకాశంలో ఏడుగురు చంద్రులుంటే ఆరుగురిని మింగేసిందని, గ్రహణం పట్టినప్పుడు గిన్నెలూ పళ్లేలూ మోగించి ఉన్న ఒక్కణ్ణీ కక్కించేవారని చెబుతారు. రాహువు కథ వింటూ పెరిగినదాన్ని, ఆ పిడి మీద మనసు పడిపోయింది. ఆగలేక అడిగేశాను, "ఇది బకునావాయేనా?" అని. "అవును, బకునావాయే. నూరేళ్ల నాటిది, గేదె కొమ్ముతో చెక్కింది" అన్నాడు. వెంటనే డబ్బు పంపాను.

విప్పి దీపం కింద పెట్టి చూస్తే, దవడ కింద నుంచి గొంతు వరకు వెంట్రుక మందాన ఒక గీత. చెక్కిన పిడికి అలాంటి గీత ఉండదు, అది అచ్చు రెండు ముక్కలూ కలిసిన చోటు. కోరల మధ్య గాలిబుడగ పగిలిన గుంట. సూది కాల్చి అలుగు దగ్గర కనపడని చోట గుచ్చాను. కొమ్మయితే వెంట్రుకలు కాలిన వాసన రావాలి. ప్లాస్టిక్ కంపు కొట్టింది. పైగా తెనెగ్రె అలుగు మామూలుగా ఒక వైపు చదునుగా, రెండో వైపు మాత్రమే వాలుగా ఉంటుంది. దీనికి రెండు వైపులా ఒకే వాలు.

ఫోన్ చేశాను. అతను బుకాయించి ఉంటే ఇంత బాధపడేదాన్ని కాదు. నవ్వాడు. "మీరు బకునావా అన్నారు, నేనూ బకునావా అన్నాను. మొసలి అని ఉంటే మొసలి అనేవాణ్ణి. గోడకు తగిలించుకునేదానికి ఇంత గొడవెందుకు?" అన్నాడు. ఆ మాట ఇంకా చెవుల్లోనే ఉంది. ఎవరి తాతలో నెలల తరబడి కొమ్ము చెక్కి తీర్చిన ముఖాలవి. వాటి పేరు కొనేవాళ్ల నోట్లోంచి తీసి, వాళ్లకే అమ్ముతున్నాడు.

తప్పు నాది కూడా. ఈ ముఖాల కింద పేర్లు రాసి ఉండవని నాకు తెలుసు. దక్షిణ ఫిలిప్పీన్స్‌లోని మగిందనావో, మరనావో జనాల పొడవాటి కత్తి కంపిలాన్, దాని పిడి చివర రెండుగా చీలి ఉంటుంది. దాన్ని తెరుచుకున్న మొసలి నోరు అనేవాళ్లున్నారు, హార్న్‌బిల్ పక్షి ముక్కు అనేవాళ్లున్నారు, బకునావా అనేవాళ్లూ ఉన్నారు. అక్కడి సులు దీవుల తౌసుగు జనాల బరోంగ్ కత్తి పిడిని కకతువా అంటారు, తురాయీ ముక్కూ చూస్తే కాకటూ చిలుక పోలిక తెలుస్తుంది. పానాయ్ ముఖాల విషయంలో అంత తేలిక కాదు, నిజంగా తెలిసినవాళ్లు "కావచ్చు" అనే అంటారు. అతను క్షణం తడుముకోకుండా అవునన్నప్పుడే నేను ఆగాల్సింది. జవాబును ప్రశ్నలోనే పెట్టి అందించింది నేనే.

కొనబోయేవాళ్లు జంతువు పేరు ముందుగా మీ నోటితో అనకండి, అమ్మేవాళ్లనే చెప్పనివ్వండి, ఎందుకలా అనుకుంటున్నారో అడగండి. దవడ కింద నుంచి, పిడిలోకి అలుగు దిగే చోటు నుంచి ఫోటోలు లేకుండా డబ్బు పంపకండి.

ఈ పొద్దున నా నంబరు రాకుండా చేసుకున్నాడు. నా స్నేహితురాలి ఫోనులో చూస్తే అదే ఫోటో మళ్లీ అమ్మకానికి పెట్టి ఉంది, ఈసారి సింహం అని రాశాడు. కత్తి నా బల్ల మీద ఉంది. అంటే అదే అచ్చులోంచి తీసినవి అతని దగ్గర ఇంకా ఉన్నాయి.