సిస్టరా, బయటి కౌన్సెలరా, 14416 నంబరా: కాన్వెంటు పిల్లలకు ఏది మేలు?

టీసీ మీద సంతకం పెట్టే మనిషి కౌన్సెలింగ్ చేయకూడదు. సిస్టర్ ఎంత మంచివారైనా సరే. నా మాట ముందే చెప్పేస్తున్నాను.

కడపలో కథోలిక స్కూలుకు పిల్లల్ని పంపేవాళ్లకు ఉన్న దారులు ఇవి: స్కూల్లోనే ఉండే సిస్టర్, వారానికోసారి వచ్చే బయటి కౌన్సెలర్, ఫోన్లో 14416కు చేస్తే పలికే ప్రభుత్వ మానసిక సహాయ సేవ టెలీ మానస్, పుట్లంపల్లిలోని ప్రభుత్వాసుపత్రి రిమ్స్‌లో మానసిక వైద్యుల ఓపీ. ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) కుటుంబాల పిల్లలకు పాపసంకీర్తనం, అంటే ఫాదర్ దగ్గర తప్పులు ఒప్పుకునే కన్ఫెషన్, కూడా ఉంది. చాలామంది దాన్నీ కౌన్సెలింగ్‌లో కలిపేస్తారు కాబట్టి ముందు అది తేల్చుకుందాం.

పాపసంకీర్తనంలో విన్నది ఫాదర్ ఎవరికీ చెప్పకూడదు. తల్లికీ, బిషప్‌కీ, పోలీసులకీ కూడా. చర్చి చట్టంలో దానికి మినహాయింపు లేదు. అక్కడ పిల్లల మనసు తేలికపడుతుంది, కాదనను. కానీ అది తాను చేసిన తప్పు చెప్పుకునే చోటు. తన మీద జరిగిన తప్పుకు అక్కడ విచారణ ఉండదు. వ్యాన్ డ్రైవర్ ఒంటి మీద చెయ్యి వేశాడని పిల్ల అక్కడ చెబితే, 'బయట మీ అమ్మకు చెప్పు తల్లీ' అని ఫాదర్ ధైర్యం చెప్పగలరు గానీ, తానుగా ఫోన్ ఎత్తలేరు. అదే మాట కౌన్సెలర్ చెవిన పడితే పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఆమె పోలీసులకు తెలియజేసి తీరాలి. దాచిపెడితే ఆరు నెలల దాకా జైలు. తన కింద పనిచేసేవాడి నేరాన్ని స్కూలు పెద్దే దాస్తే ఏడాది దాకా. అందుకే 'ఎవరికీ చెప్పనులేమ్మా' అని ఒట్టేసే కౌన్సెలర్ మీద నాకు గురి తక్కువ. 'నీకు ప్రమాదం ఉందనిపిస్తే తప్ప చెప్పను' అనే మనిషే నయం.

ఇక సిస్టర్ సంగతి. పొద్దున ప్రేయర్ నుంచి సాయంత్రం చివరి బస్సు కదిలేదాకా ఆమె అక్కడే ఉంటారు. ఎవరి నాయన కువైట్‌లో ఉన్నాడో, ఎవరింట్లో అమ్మ ఒక్కతే నెట్టుకొస్తోందో ఆమెకు తెలుసు. మధ్యాహ్నం క్యారియర్ మూత తీయకుండా కూర్చున్న పిల్ల ముందు ఆమె కంట్లోనే పడుతుంది. బయటి నుంచి వచ్చే మనిషికి ఈ ఆనుపానులు తెలియాలంటే ఏడాది పడుతుంది.

అయితే చాలా స్కూళ్లలో ఆ సిస్టరే క్రమశిక్షణ కూడా చూస్తారు. చిక్కంతా అక్కడే. ఆయా వచ్చి తలుపు దగ్గర నిలబడి, 'తొమ్మిది బీలో ఆ పాపను సిస్టర్ పిలుస్తాండారు' అనగానే క్లాసంతా తల తిప్పి చూస్తుంది. పక్క బెంచీ పిల్ల 'ఏం చేసినావే?' అని గుసగుసలాడుతుంది. గది చూస్తే ఆఫీసు పక్కనే, ఫీజు కట్టడానికి నిలబడ్డ పేరెంట్స్ ముందు నుంచే నడవాలి. అంత టెన్షన్‌తో లోపలికి వెళ్లిన పిల్ల 'ఏమీ లేదు సిస్టర్' అనక ఇంకేమంటుంది? ఇంకోటి: ఈ స్కూళ్లలో హిందువుల, ముస్లింల పిల్లలు బోలెడుమంది. క్యాటకిజం (క్రైస్తవ మతబోధ) పీరియడ్‌లో వాళ్లకు వేరుగా మోరల్ సైన్స్ పెడతారు. కౌన్సెలింగ్ చివర ప్రార్థన చేద్దామంటే మాత్రం ఆ గదిలోంచి లేచి వెళ్లే వీలుండదు.

బయటి కౌన్సెలర్‌కు ఈ మొహమాటాలు లేవు. మార్కులు వేయదు, శిక్ష వేయదు. లోపమల్లా శనివారం శనివారం రావడమే. కష్టం మంగళవారం వస్తే నాలుగు రోజులు ఎవరు ఓపిక పట్టాలి? చదువు కూడా అడగాలి. క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టుకుంటే భారత పునరావాస మండలిలో రిజిస్ట్రేషన్ ఉండాలి. మైకు పట్టుకుని గంటసేపు మోటివేషన్ దంచి, శాలువా కప్పించుకుని వెళ్లేవాళ్లు ఈ లెక్కలోకి రారు. 'మాకంత బడ్జెట్ లేదండీ' అని కరెస్పాండెంట్ అంటే 2025 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు గుర్తుచేయండి. విశాఖలో ఒక విద్యార్థిని మరణం కేసులో వచ్చిన తీర్పు అది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒక్కరు ఉండాలని కోర్టు చెప్పింది.

14416 మీద నాకు మంచి అభిప్రాయమే. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ టెలీ మానస్‌కు డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, అర్ధరాత్రయినా పలుకుతారు. రిజల్ట్స్ వచ్చిన రాత్రి దీనికి మించింది లేదు. కానీ హాస్టల్ పిల్ల చేతిలో ఫోన్ ఏది? వార్డెన్ ఫోన్‌లో, వార్డెన్ ఎదురుగా, వార్డెన్ గురించి ఏం చెప్పుకుంటుంది?

రిమ్స్‌ను మాత్రం మిగతావాటితో పోల్చను. తిండి, నిద్ర వారాల తరబడి చెడినా, చెయ్యి కోసుకున్నా, 'చచ్చిపోతా' అన్న మాట ఒక్కసారి నోట వచ్చినా నేరుగా అక్కడికే. 'పిచ్చి డాక్టర్ దగ్గరికా?' అనే బంధువులకు తర్వాత సమాధానం చెప్పుకోవచ్చు.

ఇంటి నుంచి వచ్చిపోయే పిల్లలకైతే నా ఓటు బయటి కౌన్సెలర్‌కే. సిస్టర్ కనిపెట్టి ఆమె దగ్గరికి పంపాలి, మధ్య రోజుల్లో 14416 ఉండనే ఉంది. హాస్టల్ పిల్లలకు అది చాలదు, రోజూ క్యాంపస్‌లో ఉండే మనిషి కావాలి. ఆ మనిషి సిస్టరే అయినా నాకు అభ్యంతరం లేదు, పాఠం చెప్పకుండా, వార్డెన్ పని చేయకుండా ఉంటే చాలు.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల సంగతి అయ్యాక ఒకటి అడగండి. పిల్లలు చెప్పినవి రాసుకునే నోటుబుక్కు ఏ బీరువాలో పెడతారు, తాళం ఎవరి దగ్గర ఉంటుంది? హెచ్‌ఎం దగ్గరంటే, జీతమిచ్చి బయటి కౌన్సెలర్‌ను తెచ్చినా పిల్లలు ఆమెతోనూ 'ఏమీ లేదు' అనే అంటారు.