చెన్నైలో సప్లై చైన్ వారాంతపు కోర్సు: ఒక సమీక్ష

గిండీలోని ఒక శిక్షణ సంస్థ నడిపే, సరుకు తయారీ నుంచి దుకాణం దాకా చేరే ఏర్పాటును (సప్లై చైన్) నేర్పే ఈ కోర్సులో సగం మంది నెల్లూరు, తిరుపతి వైపు వాళ్లమే. 1982లో కన్సల్టెంట్ కీత్ ఆలివర్ ‘సప్లై చైన్ మేనేజ్‌మెంట్’ అనే పేరును ప్రచారంలోకి తెచ్చిన సంగతిని మేష్టారు ఒక్క మాటలో దాటేసి, 1956లో అమెరికా ట్రక్కుల వ్యాపారి మాల్కం మెక్‌లీన్ ‘ఐడియల్ ఎక్స్’ ఓడపై 58 కంటైనర్లను హ్యూస్టన్‌కు పంపిన తరువాత సరుకు ఎక్కించి దించే ఖర్చు ఎంతగా పడిపోయిందో తీరుబడిగా వివరించారు, అది సబబే. దుకాణంలో గిరాకీ కాస్త పెరిగితే డీలరు ఇంకాస్త, ఫ్యాక్టరీ మరింత పెంచుకుంటూ పోయి చివరకు గోదాములు నిండిపోయే తీరును బిస్కెట్ ప్యాకెట్ల ఆర్డరు చీటీలతో మా చేతే ఆడించడం అన్నిటికన్నా బాగుంది. రేవు ఊళ్లోనే ఉన్నా ఒక్క టెర్మినల్‌నైనా చూపకపోవడం పెద్ద లోపం. గోదాము లెక్కలు ఇప్పటికే చూస్తున్నవారు పాఠాల జాబితా అడిగి చూశాకే ఫీజు కట్టడం మంచిది.