దశాంశం దగ్గర నిలబడి, సమానం దగ్గర తడబడిన సాఫ్ట్‌వేర్

దామాషా పద్ధతిలో ఓట్లను సీట్లుగా మార్చే ఒక సాఫ్ట్‌వేర్‌ను వారం రోజులు పరీక్షించాను. అది అంకెలను ఎక్కడ సవరిస్తోంది, ఆ సవరణ వల్ల ఎవరి సీటు తారుమారవుతుంది అన్న రెండు విషయాలే ప్రధానంగా చూశాను.

ముందుగా 10 సీట్లకు లక్ష ఓట్లు తీసుకుని, మూడు పార్టీలకు 56,000, 27,500, 16,500 చొప్పున ఇచ్చాను. వాటి వాటాలైన 5.6, 2.75, 1.65లను దగ్గరి పూర్ణాంకాలకు సవరిస్తే 6, 3, 2 వచ్చి, లేని పదకొండో సీటు పుట్టుకొస్తుంది. ప్రోగ్రాం ఆ పొరపాటు చేయలేదు. గరిష్ఠ శేషం పద్ధతిలో (వాటాలోని పూర్ణాంకం మేరకు సీట్లిచ్చి, మిగిలినవాటిని పెద్ద దశాంశ భాగం ఉన్న పార్టీలకు ఇచ్చేది) 5-3-2, డోంట్ పద్ధతిలో (ప్రతి పార్టీ ఓట్లను 1, 2, 3... చొప్పున భాగించి, పెద్ద భాగఫలాలకు వరుసగా సీట్లిచ్చేది) 6-3-1 ఇచ్చింది. నేను కాగితం మీద వేసిన లెక్కతో రెండూ సరిపోయాయి.

అసలు భయం సీట్లు దక్కడానికి పార్టీ అందుకోవాల్సిన కనీస ఓట్ల శాతం దగ్గర. 1992 ఏప్రిల్‌లో జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్ర ఎన్నికల్లో 5 శాతం హద్దుకు గాను గ్రీన్ పార్టీకి 4.97 శాతం రాగా, ఒక్క దశాంశ స్థానమే చూపే సాఫ్ట్‌వేర్ దాన్ని 5.0గా ముద్రించింది. తప్పు బయటపడ్డాక ఆ పార్టీకి సీట్లు దక్కలేదు. 89 స్థానాల సభలో సోషల్ డెమొక్రాట్లు 45తో ఆధిక్యం సాధించారు. అందుకే పది లక్షల్లో 49,996 ఓట్లు ఇచ్చి చూశాను. తెర మీద 5.00 శాతం అని కనిపించినా ప్రోగ్రాం సీటు ఇవ్వలేదు కాబట్టి, పోలిక అసలు ఓట్లతోనే జరుగుతోందన్నమాట. లెక్క సరైనదే, కానీ 5.00 చూపించి సీటు లేదంటే ఏ పార్టీ ఏజెంటు ఊరుకుంటాడు? అక్కడ మరిన్ని దశాంశాలు చూపాలి.

తడబాటు సమాన భాగఫలాల దగ్గర. 3 సీట్లకు ఒక పార్టీకి 60,000, ఇంకో పార్టీకి 20,000 ఓట్లు ఇస్తే, డోంట్ పద్ధతిలో మూడో సీటుకు ఇద్దరికీ 20,000 చొప్పునే వస్తుంది. ప్రోగ్రాం ఏ హెచ్చరికా లేకుండా మొదటి పార్టీకి ఇచ్చేసింది. ఓట్లు మార్చకుండా ఫైలులో పార్టీల వరుస మాత్రమే తిరగేశాను. సీటు రెండో పార్టీకి మారింది. నిబంధన చీటీ తీయమన్నా, ఎక్కువ ఓట్లున్న పార్టీకి ఇమ్మన్నా, ఆ ఎంపికను అడిగే వీలు ఇందులో లేదు, నివేదికలో ఒక్క గుర్తూ పడలేదు.

5కి 3 ఇస్తున్నాను. సమానం వచ్చినప్పుడు ఆగి అధికారిని అడిగే వెర్షన్ వచ్చేదాకా, దీని చివరి సీటును చేత్తో సరిచూసుకోక తప్పదు.